నాటకశాల నుంచి నట్టింటికి: దీపాల సీన్ల చరిత్ర

ఒక గదిలోని దీపాలన్నీ ఒక్క బటన్ నొక్కగానే, దేనికి నిర్ణయించిన వెలుగుకు అది చేరుకునేలా ముందుగానే కూర్చిపెట్టిన అమరికను హోమ్ ఆటోమేషన్ రంగంలో సీన్ అంటారు. భోజనాల వేళ బల్ల మీది దీపం పూర్తిగా వెలిగి, గోడల వారనున్న దీపాలు సగానికి తగ్గడం ఒక సీన్ అయితే, అందరూ పడుకున్నాక పైకప్పు దీపాలన్నీ ఆరి, స్నానాలగదికి వెళ్లే దారిలో మాత్రం మసక వెలుగు మిగలడం మరొక సీన్. చేతిలో ఇమిడే చిన్న వైర్‌లెస్ కంట్రోలర్ మీది నాలుగైదు బటన్లకు ఇటువంటి సీన్లను ఒక్కొక్కటిగా అప్పగించడం ఇరవయ్యొకటో శతాబ్దపు సౌకర్యంగా కనిపించినా, దాని వెనుక ఉన్న ఆలోచన నాటకశాలలో పుట్టి, దశాబ్దాల తరబడి అక్కడే పెరిగి, ఆ తరువాత ఇంటికి వచ్చింది. ఈ ప్రయాణంలో రెండు మౌలికమైన మార్పులు జరిగాయి. విద్యుత్ ప్రవాహాన్ని స్వయంగా తెంచి కలిపే మీటగా మొదలైన స్విచ్, ఆ ప్రవాహంతో సంబంధమే లేకుండా సందేశాన్ని మాత్రమే పంపే బటన్‌గా మారింది. ఏ దీపం ఎంత వెలగాలన్న జ్ఞాపకం మనిషి తలలోనుంచి కాగితానికి, కాగితం నుంచి యంత్రానికి, చివరకు దీపానికే చేరింది. ఈ రెండు మార్పులనూ కలిపి చూసినప్పుడే ఇవాళ్టి ఇళ్లలో ఈ ఏర్పాట్లు కొన్నిచోట్ల ఎందుకు హాయిగా అమరుతున్నాయో, కొన్నిచోట్ల ఎందుకు ఇంటివారికే పరాయివిగా మిగులుతున్నాయో తెలుస్తుంది.

విద్యుద్దీపం ఇళ్లలోకి వచ్చిన తొలినాళ్లలో దాన్ని వెలిగించడమే కాదు, ఆర్పడం కూడా జాగ్రత్తగా చేయవలసిన పనిగా ఉండేది. ఇంగ్లండు ఉత్తర భాగంలోని నార్తంబర్‌లండ్‌లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ తన క్రాగ్‌సైడ్ భవనంలో 1878లో జలవిద్యుత్తుతో ఆర్క్ దీపాన్ని, 1880లో జోసెఫ్ స్వాన్ రూపొందించిన ఫిలమెంటు దీపాలను వెలిగించారు. అప్పటి స్విచ్‌లలో రెండు లోహపు ముక్కలు నెమ్మదిగా విడిపోయేవి కనుక, ఆ సందులో నిప్పురవ్వ సాగి లోహాన్ని కరిగించేది. అదే ప్రాంతానికి చెందిన న్యూకాసిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ 1884లో రూపొందించిన స్విచ్, స్ప్రింగు బలంతో ఆ ముక్కలను తటాలున విడదీసి ఈ చిక్కును తీర్చింది. మీట మీద చేయి ఎంత నెమ్మదిగా కదిలినా లోపలి ముక్కలు మాత్రం క్షణంలో విడిపోయేవి. నేటికీ గోడల మీద టక్కుమనే స్విచ్‌లన్నీ ఆ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి. అయితే ఈ స్విచ్ దీపానికి వెళ్లే కరెంటు దారిలోనే కూర్చుంటుంది కాబట్టి, ఏ స్విచ్ ఏ దీపానిదో ఇల్లు కట్టేనాడే తీగలతో నిర్ణయమైపోతుంది. మెట్ల కింద ఒకటి, పైన ఒకటి బిగించే టూ-వే స్విచ్ ఈ కట్టుబాటును కొద్దిగా సడలించింది తప్ప తొలగించలేకపోయింది.

నాటకశాలకు ఈ కట్టుబాటు మొదటినుంచీ సరిపడలేదు, ఎందుకంటే అక్కడ దీపాలు విడివిడిగా కాక ఒక్కటిగా మారాలి. తెల్లవారడం, పొద్దుగూకడం, పిడుగు పడడం వంటివన్నీ పదుల దీపాలు ఒకే లయలో కదిలితేనే ప్రేక్షకుడికి నమ్మకం కలిగిస్తాయి. ఫిలడెల్ఫియాలోని చెస్ట్‌నట్ స్ట్రీట్ థియేటరులో 1816లోనూ, ఆ మరుసటి ఏడాది లండన్‌లోని పెద్ద నాటకశాలల్లోనూ గ్యాసు దీపాలు ప్రవేశించాక, వేదిక నలుమూలలకూ పోయే గొట్టాల కవాటాలన్నిటినీ ఒకే చోటికి చేర్చి, గ్యాస్ టేబుల్ అనే పేరుతో ఒక కూడలిని ఏర్పరచే పద్ధతి క్రమంగా స్థిరపడింది. ఒకే మనిషి ఒకే చోట నిలబడి రంగస్థలం మీది వెలుగునంతా పెంచి తగ్గించగలగడం అప్పుడే మొదలైంది కనుక, నేటి కంట్రోలర్లకు తొలి పూర్వీకురాలిగా ఈ గ్యాస్ టేబుల్‌నే చెప్పుకోవాలి.

లండన్‌లోని సవాయ్ థియేటరు 1881లో సుమారు 1200 స్వాన్ దీపాలతో, ఆసాంతం విద్యుత్తుతో వెలిగిన తొలి ప్రజాభవనంగా పేరు పొందింది. ఆ ఏడాది డిసెంబరు 28న రంగస్థలం మీద కూడా విద్యుద్దీపాలు వెలిగినప్పుడు, దాని యజమాని రిచర్డ్ డాయిలీ కార్ట్ వెలుగుతున్న దీపానికి పల్చని వస్త్రం చుట్టి, ప్రేక్షకుల ఎదుటే దాన్ని పగలగొట్టి, బట్ట అంటుకోలేదని చూపించారు. గ్యాసు మంటలకు నాటకశాలలు ఆహుతైపోతున్న ఆ రోజుల్లో ఆ ప్రదర్శనకు ఎంతో విలువ ఉండేది. విద్యుద్దీపాన్ని మసకబార్చడానికి అప్పట్లో నిరోధకాలను వాడేవారు. దీపానికి వెళ్లే కరెంటును కొంత మేరకు అడ్డగించి, అడ్డగించిన శక్తిని వేడిగా వదిలేసే తీగచుట్టలే నిరోధకాలు. వెలుగు తగ్గినా ఖర్చు అందుకు తగినంత తగ్గేది కాదు, పైగా ఆ పరికరాలు గదినంతా ఆక్రమించి వేడెక్కిపోయేవి. అటువంటివి ఇంట్లో గోడకు బిగించుకునే అవకాశమే లేదు.

ఈ దశలో సీన్ అన్నది యంత్రానిది కాక మనిషి జ్ఞాపకంగానే ఉండేది. ఏ సంభాషణ పూర్తవగానే ఏ మీటను ఎంతవరకు జరపాలో క్యూ షీట్ అనే కాగితం మీద రాసుకుని, ఇద్దరు ముగ్గురు పనివారు చేతులతోను, ఒక్కొక్కసారి మోచేతులతోను మీటలను కలిసి కదిపేవారు. వెలుగు కూడా నాటకంలో ఒక పాత్ర వంటిదేనని స్విట్జర్లండ్‌కు చెందిన అడాల్ఫ్ ఆపియా (1862–1928) వాదించిన తరువాత, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో ప్రచురించిన గ్రంథంతో రంగస్థల దీపనానికి బోధించదగిన ఒక క్రమపద్ధతి ఏర్పడిన తరువాత, క్యూల, అంటే వెలుగును మార్చవలసిన సందర్భాల సంఖ్య పెరిగింది. మనుషుల చేతులు చాలని స్థితి వచ్చింది.

అప్పటినుంచి జ్ఞాపకాన్ని యంత్రానికి అప్పగించే ప్రయత్నాలు వరుసగా సాగాయి. లండన్‌లో స్ట్రాండ్ సంస్థకు చెందిన ఫ్రెడరిక్ బెంథామ్ 1935లో ఆర్గన్ వాద్యపు మీటల బల్లనే దీపాల నియంత్రణకు అనువుగా మలచి లైట్ కన్సోల్‌ను రూపొందించారు. అక్కడ మీట నొక్కిన చోట కరెంటు పారదు, దూరంగా ఉండి వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్లకు ఆదేశం మాత్రమే వెళుతుంది. యేల్‌లో జార్జ్ ఐజెనోర్ 1947లో థైరట్రాన్లతో, అంటే వాయువు నింపిన ఎలక్ట్రాన్ గొట్టాలతో పనిచేసే డిమ్మర్ వ్యవస్థను ప్రవేశపెట్టారు. అందులో ప్రతి సీన్‌కూ ఒక్కో వరుస చిన్న మీటలుంటాయి కాబట్టి, రాబోయే సీన్‌ను ముందే అమర్చుకోవచ్చు. దీనికే ప్రీసెట్ అని పేరు.

ప్రీసెట్ పని తీరును కాస్త దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే ఇంట్లోని సీన్ బటన్ చేసేది కూడా సారాంశంలో ఇదే. రెండు సీన్ల బోర్డు మీద ఒకే రకమైన రెండు వరుసల మీటలుంటాయి, ప్రతి వరుసలోనూ ఒక్కో దీపానికి ఒక్కో మీట ఉంటుంది. పై వరుస వేదికను నడుపుతున్నంతసేపూ కింది వరుస మీటలకు దీపాల మీద ఏ అధికారమూ ఉండదు కనుక, ఆపరేటరు తొందర లేకుండా తరువాతి సీన్‌ను అందులో పేర్చుకుంటారు. క్యూ రాగానే క్రాస్‌ఫేడర్ అనే ఒక్క పెద్ద మీటను ఒక కొస నుంచి మరో కొసకు జరిపితే, పై వరుస నిర్ణయించిన వెలుగులు తగ్గుతూ, కింది వరుస నిర్ణయించిన వెలుగులు పెరుగుతూ, దీపాలన్నీ ఒక సీన్ నుంచి మరో సీన్‌లోకి ఏకకాలంలో ఒదిగిపోతాయి. ఆలోచించి అమర్చుకునే సమయాన్ని, అమలు చేసే క్షణాన్ని వేరు చేయడమే ఇందులోని గొప్ప ముందడుగు. ఆ తరువాత బ్రిటన్‌లోని థార్న్ సంస్థ 1960ల రెండో భాగంలో తెచ్చిన క్యూ-ఫైల్ టెలివిజన్ స్టూడియోలలో సీన్లను ఎలక్ట్రానిక్ జ్ఞాపకంలో దాచింది; న్యూయార్క్ బ్రాడ్‌వేలో 1975లో 'ఎ కోరస్ లైన్' సంగీత నాటకానికి దీపాలు అమర్చిన థారన్ మసర్ కంప్యూటర్ జ్ఞాపకం గల బోర్డును ఉపయోగించడంతో ఆ వీధిలో చేతి మీటల యుగం ముగియడం మొదలైంది. అమెరికా రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ 1986లో డీఎంఎక్స్512 అనే ఉమ్మడి ప్రమాణాన్ని తెచ్చింది. ఒకే కేబుల్ మీద 512 చానెళ్లకు, ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు విలువను పంపగలిగే ఈ ప్రమాణం వల్ల ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ డిమ్మర్లతో మాట్లాడటం సాధ్యపడింది.

ఈ విద్య నాటకశాల గోడలు దాటి చారిత్రక కట్టడాలకు చేరిన సందర్భం ఒకటి ఉంది. ఫ్రాన్సులోని షాంబోర్ కోటలో పాల్ రోబేర్-ఊడాన్ 1952లో ఆరంభించిన శబ్దకాంతి ప్రదర్శన, నటులెవరూ లేకుండా దీపాల సీన్ల వరుసతోనే ఒక కట్టడం చేత దాని కథను చెప్పించింది. ఆ సంప్రదాయమే తరువాత దేశదేశాలకు వ్యాపించి, హైదరాబాద్‌లోని గోల్కొండ కోటకూ వచ్చింది. సాయంత్రం ఆ కోట మెట్ల ముందు కూర్చుని, కుతుబ్‌షాహీల కథ నడిచేకొద్దీ ఒక్కో బురుజు, ఒక్కో కమాను వెలిగి ఆరడం చూసినవారు, ఆ పేరు తెలియకపోయినా, సీన్ అంటే ఏమిటో కళ్లారా చూసినవారే.

ఇంటికి ఈ ఆలోచనను తెచ్చినవారిలో రిచర్డ్ కెల్లీ (1910–1977) ముఖ్యులు. రంగస్థల దీపనం నుంచి ప్రేరణ పొంది, యేల్‌లో వాస్తుశిల్పం చదివిన ఆయన, భవనంలో ఉండవలసిన వెలుగును 1952లో మూడు రకాలుగా విడదీసి చెప్పారు: గదినంతా నింపే పరిసర కాంతి, చూపును ఒక చోటికి రప్పించే కేంద్రీకృత కాంతి, మెరుపుతో మనసును ఉల్లాసపరచే అలంకార కాంతి. వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ 1949లో కట్టుకున్న గాజు ఇంట్లో రాత్రిపూట లోపలి వెలుగు వల్ల గోడలన్నీ అద్దాలై బయటి తోట కనిపించకుండా పోతే, కెల్లీ లోపలి వెలుగును తగ్గించి, బయటి చెట్ల మీద దీపాలు వేసి ఆ చిక్కును విప్పారు. ఒక దీపాన్ని పెంచితే మరొక దీపాన్ని తగ్గించవలసి వస్తుందన్న ఈ పరస్పర సంబంధమే సీన్ అనే భావనకు ఇంట్లో పునాది. ఆ కాలంలోనే అమెరికా ఇళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 24 వోల్టుల రిలే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. రిలే అంటే చిన్న కరెంటు ఆదేశంతో పెద్ద కరెంటును తెంచి కలిపే విద్యుదయస్కాంత స్విచ్; దాని వల్ల గోడ మీది బటన్‌కు సన్నని తీగ సరిపోయేది, పడకగదిలోని ఒకే పలక నుంచి ఇంటి దీపాలన్నిటినీ ఆర్పే వీలు కలిగింది. స్విచ్ కరెంటు దారి నుంచి పక్కకు తప్పుకోవడం ఇళ్లలో అప్పుడే మొదలైంది.

అయినా ఇంట్లో వెలుగును తగ్గించే సాధనం చేతికి అందాలంటే అర్ధవాహకాల రాక కోసం ఆగవలసివచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ 1957లో సిలికాన్ కంట్రోల్డ్ రెక్టిఫయర్ అనే అర్ధవాహక స్విచ్‌ను తెచ్చింది. జోయెల్ స్పైరా న్యూయార్క్‌లో గోడపెట్టెలో ఇమిడే డిమ్మర్‌ను రూపొందించి 1959లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. పేటెంటు 1962లో లభించింది, ఆ మధ్యలో 1961లో లూట్రాన్ సంస్థ వెలిసింది. ఆ రెక్టిఫయర్‌తో పనిచేసే డిమ్మర్ కరెంటును అడ్డగించి వేడి చేయదు. సెకనుకు నూటికి పైగా సార్లు, ప్రతి అర్ధతరంగంలోనూ కొంతసేపు దాన్ని అసలు వెళ్లనీయకుండా ఆపి, మిగిలిన భాగాన్ని మాత్రమే దీపానికి ఇస్తుంది. నాటకశాలలో గదినంతా ఆక్రమించిన యంత్రం పని ఇప్పుడు అరచేతిలో పట్టే వస్తువుకు ఒదిగింది. ఇక్కడ కంటి స్వభావాన్ని కూడా గుర్తుంచుకోవాలి. మసక వెలుగులో కనుపాప విచ్చుకుంటుంది కాబట్టి, కొలతలో 10 శాతానికి తగ్గిన వెలుగు చూపుకు దాదాపు 32 శాతంగా తోస్తుంది. సీన్‌ను తయారుచేసేవారు అంకెలను నమ్ముకుని 50 శాతం అని పెడితే గదిలో పెద్ద మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే; రాత్రివేళ ఆ గదిలోనే కూర్చుని కంటితో చూసి నిర్ణయించడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

తీగ లేకుండా ఆదేశం పంపడం అప్పటికి కొత్త కాదు. నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లో రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపారు. జెనిత్ సంస్థలో యూజీన్ పోలీ 1955లో కాంతికిరణంతో, రాబర్ట్ ఆడ్లర్ 1956లో చెవికి వినిపించని అతిధ్వనితో టెలివిజన్ రిమోట్లను రూపొందించారు. దీపాలకు ఇటువంటి దూర నియంత్రణను వర్తింపజేసిన తొలి విస్తృత ప్రయత్నం మాత్రం స్కాట్లండ్‌లోని గ్లెన్‌రాత్స్‌లో పికో ఎలక్ట్రానిక్స్ 1975లో రూపొందించిన ఎక్స్10. ఇది ఇంట్లో ఉన్న కరెంటు తీగలనే సందేశాలకు దారిగా వాడుకుంది. ప్రత్యావర్తక విద్యుత్తు దిశ మారే క్షణంలో, అంటే వోల్టేజి సున్నాను దాటేటప్పుడు, 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని అందులోకి పంపేది. పదహారు ఇంటి అక్షరాలు, పదహారు పరికర సంఖ్యలు కలిసి 256 చిరునామాలు ఏర్పడేవి. చేతిలోని రిమోట్ తీగ లేకుండా ఒక గ్రాహకానికి చెబితే, అది ఆ మాటను కరెంటు తీగల్లోకి ఎక్కించేది. కాని ఒక్క ఆదేశం పూర్తవడానికి సుమారు ముప్పావు సెకను పట్టేది, దీపానికి మాట అందిందో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు తొలి పరికరాల్లో లేదు. అందువల్ల అనేక దీపాలు వేర్వేరు తీవ్రతలతో ఒకేసారి కదలవలసిన సీన్‌కు అది తగిన వాహనం కాలేకపోయింది.

ఆ లోటును తీర్చిన ఆలోచన యూరప్‌లో 1990లలో రూపుదిద్దుకున్న డాలి ప్రమాణంలో ఉంది. ప్రతి దీపానికి ఎంత వెలగాలో సీన్ వచ్చిన ప్రతిసారీ పంపే బదులు, దీపాన్ని నడిపే పరికరంలోనే పదహారు సీన్ల విలువలను ముందుగా రాసిపెట్టడం డాలి పద్ధతి. అప్పుడు ప్రసారం కావలసింది "సీన్ 3కు వెళ్లండి" అన్న ఒకే ఒక్క మాట. అది విన్న దీపాలు తమ తమ జ్ఞాపకంలో సీన్ 3 ఎదురుగా ఉన్న విలువను చదువుకుని ఏకకాలంలో కదులుతాయి. ఒక్కో డాలి తీగకు 64 చిరునామాలు, 16 సమూహాలు ఉంటాయి. క్యూ షీట్ మనిషి చేతిలోంచి బోర్డుకు, బోర్డు నుంచి దీపానికి చేరిన ఘట్టం ఇది. 2004లో ఆమోదం పొందిన జిగ్‌బీ రేడియో ప్రమాణం ఈ ఆలోచననే తీగల్లేని ప్రపంచానికి తెచ్చి, సమూహాన్ని, సీన్ సంఖ్యను, ఒక సీన్ నుంచి మరో సీన్‌కు మారేందుకు పట్టే వ్యవధిని దీపాలకే నేర్పింది. ఫిలిప్స్ సంస్థ 2012 అక్టోబరులో విడుదల చేసిన హ్యూ దీపాలు జిగ్‌బీతోనే ఇళ్లకు చేరాయి. నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురా కృషి వల్ల సీన్‌లో తీవ్రతతో పాటు రంగు కూడా భాగమైంది. జర్మనీలో సీమెన్స్ నుంచి 2001లో విడివడిన ఎన్ఓషన్ సంస్థ బటన్‌ను నొక్కే వేలి బలాన్నే విద్యుత్తుగా మార్చి, బ్యాటరీ కూడా అక్కర్లేని స్విచ్‌ను సాధ్యం చేసింది.

బటన్‌కు పని అప్పగించే పద్ధతులు ఇప్పుడు ప్రధానంగా రెండు తీరులుగా ఉన్నాయి. మొదటి తీరులో బటన్ తన సందేశాన్ని నేరుగా దీపాల సమూహానికి పంపుతుంది. కేంద్ర పరికరం పనిచేయకపోయినా దీపాలు స్పందిస్తాయి. డెన్మార్క్‌లో పుట్టిన జెడ్-వేవ్ ప్రమాణంలోని సెంట్రల్ సీన్ వంటి రెండో తీరులో, బటన్ తాను ఒకసారి నొక్కబడిందో, రెండుసార్లు నొక్కబడిందో, నొక్కి పట్టబడిందో మాత్రమే కేంద్ర పరికరానికి, అంటే హబ్‌కు చెబుతుంది. దానికి అర్థమేమిటో హబ్ నిర్ణయిస్తుంది. రెండో తీరులో ఒకే బటన్‌కు ఉదయం ఒక సీన్, రాత్రి మరో సీన్ అప్పగించే స్వేచ్ఛ ఉన్నా, హబ్ ఆగిపోతే బటన్ మూగపోతుంది. హబ్ పది దీపాలకు పది విడి సందేశాలు పంపితే అవి ఒకదాని వెంట ఒకటిగా వెలుగుతాయి. ఒకే సమూహ సందేశం పంపితే కలిసి వెలుగుతాయి. ఒకే బటన్‌తో వెలిగించడం, ఆర్పడం రెండూ చేయాలనుకుంటే, సగం దీపాలు వెలిగి సగం ఆరి ఉన్నప్పుడు ఆ నొక్కుకు ఏ అర్థం చెప్పాలన్న చిక్కు వస్తుంది కనుక, అనుభవజ్ఞులు ఆర్పడానికి ప్రత్యేకంగా ఒక బటన్‌ను కేటాయిస్తారు.

తెలుగు ఇళ్లకు ఈ పరికరాలు వచ్చేటప్పుడు కొన్ని స్థానిక వాస్తవాలు అడ్డూ, ఆసరా రెండూ అవుతాయి. అమెరికాలో జెడ్-వేవ్ 908.42 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుండగా, భారతదేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలోనే దానికి చోటుంది. అక్కడి వోల్టేజి 120, ఇక్కడి వోల్టేజి 230. కాబట్టి అమెరికా నుంచి తిరిగి వచ్చే తెలుగు కుటుంబాలు అక్కడి జెడ్-వేవ్ కంట్రోలర్లను, డిమ్మర్లను వెంట తెచ్చుకున్నా అవి ఇక్కడి వ్యవస్థలో కలవవు. మరోవైపు, ఇక్కడి స్విచ్ బోర్డులో సాధారణంగా ప్లగ్ సాకెట్ కూడా ఉంటుంది కనుక న్యూట్రల్ తీగ బోర్డు దాకా వస్తుంది; అమెరికాలోని అనేక పాత ఇళ్లలో ఆ తీగ స్విచ్ పెట్టెకు రాకపోవడం పెద్ద అడ్డంకిగా ఉంటే, ఇక్కడ బోర్డు వెనుకే చిన్న మాడ్యూల్‌ను అమర్చి, పాత స్విచ్‌ను కదపకుండా వైర్‌లెస్ బటన్‌ను చేర్చుకునే వీలుంది. అలవాటు చొప్పున ఎవరైనా గోడ స్విచ్ ఆపగానే కరెంటు అందక రేడియో దీపం చెవిటిదైపోయే సమస్యకు కూడా ఈ మార్గమే మేలైన పరిష్కారం, ఎందుకంటే ఇందులో స్విచ్, బటన్ ఒకదాన్నొకటి తెంచుకోకుండా ఒకే మాడ్యూల్‌కు చెబుతాయి.

ఈ చరిత్ర మొత్తంలో నాటకశాల ఒక క్రమశిక్షణను ఎన్నడూ వదులుకోలేదు: జ్ఞాపకం యంత్రానిదైనా, క్యూ షీట్ మాత్రం మనుషులందరూ చదవగలిగేలా కాగితం మీద ఉండేది. ఇంటికి వచ్చే దారిలో సీన్ ఆ కాగితాన్ని పోగొట్టుకుంది. దీపాల లోపల, హబ్ లోపల, ఎవరో ఒకరి ఫోన్ లోపల దాగిన అమరికను ఇంట్లోని పెద్దలు చూడలేరు, అతిథులు ఊహించలేరు, అమర్చినవారు ఊళ్లో లేకపోతే మార్చగలవారుండరు. అందువల్ల ఏ బటన్ ఏ సీన్‌కు, ఏ సీన్ ఏ అవసరానికి, హబ్ ఆగిపోతే ఏ స్విచ్‌తో దీపం వెలుగుతుందో తెలుగులో రాసి బోర్డు పక్కనే ఉంచడం, బటన్ల మీద అందరికీ అర్థమయ్యే గుర్తులు వేయడం, సీన్ల సంఖ్యను ఇంటివారు గుర్తుంచుకోగలిగే మూడు నాలుగుకు పరిమితం చేయడం అలంకారాలు కావు, ఆ ఏర్పాటులో తప్పనిసరి భాగాలు. దీపాలను ఒక్క వేలితో నడిపే అధికారాన్ని నూరేళ్లకు పైగా ఎందరో కలిసి మనిషి చేతికి తెచ్చారు. ఆ అధికారం అమర్చిన ఒక్కరిదిగా కాక ఇంట్లోని ప్రతి ఒక్కరిదీ అయినప్పుడే వారి శ్రమకు ఇంట్లో తగిన ఫలితం దక్కినట్టవుతుంది.